సమాంతర సిమ్యులేషన్‌లో కాలం: ఆగి నడవాలా, దూకి దిద్దుకోవాలా?

ఒక వ్యవస్థ నడకను కంప్యూటర్‌లో అనుకరించడాన్ని సిమ్యులేషన్ అంటారు. అది ఒకే ప్రాసెసర్ మీద నడిస్తే కాలం గురించి బెంగ పడనక్కర్లేదు. జరగాల్సిన ఘటనలన్నీ ఒక జాబితాలో ఉంటాయి. ఏ ఘటన ఏ క్షణంలో జరగాలో చెప్పే కాలముద్ర, అంటే టైమ్‌స్టాంప్, ఒక్కోదాని మీద ఉంటుంది. ప్రోగ్రాము అన్నిటికన్నా చిన్న కాలముద్ర ఉన్న ఘటనను తీసుకుంటుంది, గడియారాన్ని ఆ క్షణానికి జరుపుతుంది, ఆ ఘటన వల్ల మారాల్సినవి మారుస్తుంది, దాని పర్యవసానంగా పుట్టిన కొత్త ఘటనలను జాబితాలో చేరుస్తుంది. మళ్లీ మొదటికి వస్తుంది. రెండు ఘటనల మధ్య ఏమీ జరగదు కాబట్టి ఈ గడియారం నిదానంగా నడవదు, గెంతుతుంది. ఒక నెట్‌వర్క్‌లో ఒక్క సెకనులో జరిగేదాన్ని లెక్కించడానికి బయట గోడ గడియారం మీద గంట పట్టవచ్చు. ఏళ్ల తరబడి జరిగేది నిమిషంలో తేలిపోనూవచ్చు. ఆ రెండు కాలాలకూ సంబంధం లేదు.

ఇదే పనిని పది ప్రాసెసర్లకో పది వేల ప్రాసెసర్లకో పంచినప్పుడు చిక్కు మొదలవుతుంది. అనుకరించే వ్యవస్థ నమూనాను, అంటే మోడల్‌ను, ముక్కలు చేస్తాం. ప్రతి ముక్కకూ సొంత స్థితి, సొంత ఘటనల జాబితా, సొంత గడియారం ఉంటాయి. ఈ రంగంలో దాన్ని లాజికల్ ప్రాసెస్ అంటారు, ఇక్కడ భాగం అందాం. భాగాలు ఒకదాని మెమరీలోకి మరొకటి తొంగిచూడవు, కాలముద్ర వేసిన సందేశాలు మాత్రమే పంపుకుంటాయి. పని తక్కువ ఉన్న భాగం ముందుకు దూసుకుపోతుంది, ఎక్కువ ఉన్నది వెనకబడుతుంది.

ఇక్కడ ఒక అపోహను పక్కన పెట్టాలి. కంప్యూటర్ల మధ్య కాల సమన్వయం అనగానే చాలామందికి ఎన్‌టీపీ లాంటివి గుర్తొస్తాయి. అవి నిజమైన గడియారాలన్నీ ఒకే సమయం చూపేలా దిద్దే ఏర్పాట్లు. మన సమస్య వేరు. సిమ్యులేషన్‌లో ఒక భాగం 12వ మిల్లీసెకను దగ్గర, మరొకటి 900వ మిల్లీసెకను దగ్గర ఉన్నా ఇబ్బంది లేదు. కారణమూ దాని ఫలితమూ తారుమారు కాకుండా ఉంటే చాలు.

తారుమారైతే ఏమవుతుందో చూద్దాం. ఒక భాగం, నెట్‌వర్క్‌లో ప్యాకెట్లు అనే సమాచారపు ముక్కలను ముందుకు పంపే ఒక రౌటర్‌ను అనుకరిస్తోంది. వాటిని కాసేపు ఉంచుకునే దాని బఫర్‌లో ఇంకొక్క ప్యాకెట్‌కే చోటుంది. 12వ మిల్లీసెకనులో వచ్చిన ప్యాకెట్‌కు ఆ చోటు ఇచ్చేసింది, గడియారం 12కు చేరింది. అప్పుడు ఆలస్యంగా పనిచేస్తున్న మరో భాగం నుంచి, 9వ మిల్లీసెకను ముద్రతో ఇంకో ప్యాకెట్ వచ్చిపడింది. నిజానికి ఆ చోటు దీనిది, 12వ మిల్లీసెకను ప్యాకెట్ పారేయాల్సినది. ఇప్పుడు తప్పు ప్యాకెట్ ముందుకు వెళ్లింది, దాన్ని అందుకున్న భాగాలు దానికి తగ్గట్టే స్పందించాయి. ప్రోగ్రాము ఆగిపోదు, హెచ్చరిక రాదు, చివర్లో అందమైన గ్రాఫ్ వస్తుంది. దాన్ని నమ్మేస్తాం కూడా. అసలు ప్రమాదం అదే.

దీనికి విరుగుడుగా ఉన్న నియమం చాలా చిన్నది: ప్రతి భాగమూ తన దగ్గరికొచ్చే ఘటనలను కాలముద్రల వరుసలోనే నడపాలి. అన్ని భాగాలూ ఇది పాటిస్తే ఫలితం ఒకే ప్రాసెసర్ మీద వచ్చేదానితో సరిపోతుంది. దీన్ని స్థానిక కార్యకారణ నియమం అనవచ్చు. వేర్వేరు భాగాల్లోని ఘటనల మధ్య క్రమం సందేశాల ద్వారానే ఏర్పడుతుందన్న ఆలోచనను కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978 నాటి పత్రంలో పంపిణీ వ్యవస్థలన్నిటికీ వర్తించేలా స్పష్టంగా చెప్పారు. నియమం తేలికే గానీ పాటించడానికి ఒక భరోసా కావాలి: 'ఇంతకన్నా చిన్న కాలముద్రతో నాకు ఇక ఏ సందేశమూ రాదు' అన్న భరోసా. ఈ రంగంలో పుట్టిన ప్రోటోకాల్‌లన్నీ, అంటే భాగాలు పాటించే కట్టుబాట్లన్నీ, ఆ భరోసాను ఎలా సంపాదించాలన్న ప్రశ్నకు రకరకాల జవాబులు. ప్రోటోకాల్‌ల మధ్య తేడాల మీద చర్చలు చాలా జరిగాయి. నా దృష్టిలో మాత్రం ఆ భరోసా ఎంత చవకగా దొరుకుతుందో నిర్ణయించేది ప్రోటోకాల్ కాదు, మోడలే.

మొదటి జవాబు, భరోసా దొరికేదాకా ఆగడం. కన్సర్వేటివ్ అని పిలిచే ఈ జాగ్రత్త పద్ధతిని 1977లో రాండల్ బ్రయాంట్, 1979లో మణి చాంది, జయదేవ్ మిశ్రా విడివిడిగా ప్రతిపాదించారు. అందుకే ముగ్గురి పేర్లూ కలిపి చెబుతారు. ఏ భాగం నుంచి ఏ భాగానికి సందేశాలు వెళ్తాయో ముందే తెలిసి ఉండాలి. ఒక్కో దారిలో సందేశాలు కాలముద్రల వరుసలోనే రావాలి. అలాంటప్పుడు ఒక దారిలో చివరగా వచ్చిన సందేశం ముద్ర 20 అయితే, ఆ దారిలో ఇక 20 కన్నా చిన్నది రాదు. అన్ని దారుల్లోనూ కనీసం ఒక్కో సందేశం వేచి ఉంటే, వాటిలో అతి చిన్నదాన్ని నిర్భయంగా నడపవచ్చు. అన్నిటికన్నా వెనకబడిన దారి ఖాళీగా ఉంటే మాత్రం ఆగాల్సిందే.

ఆగడంలోనే మరో చిక్కు ఉంది. క అనే భాగం ఖ నుంచి కబురు కోసం, ఖ అనేది గ నుంచి, గ మళ్లీ క నుంచి కబురు కోసం చూస్తుంటాయి. ముందు మీరంటే ముందు మీరని గుమ్మం దగ్గర ఆగిపోయిన ముగ్గురిలా. మూడింటి దగ్గరా చేయాల్సిన పని ఉంది, ఏ ఒక్కటీ కదలదు. ఈ ప్రతిష్టంభనను తప్పించడానికి ఖాళీ సందేశాలు కనిపెట్టారు. వాటిలో ఘటన ఉండదు, ఒక హామీ మాత్రమే ఉంటుంది: 'ఫలానా క్షణం దాకా నా నుంచి నీకేమీ రాదు' అని.

ఆ హామీ ఇవ్వాలంటే పంపే భాగానికి తన భవిష్యత్తు గురించి కొంతైనా తెలియాలి. దీన్నే లుక్‌అహెడ్ అంటారు, ముందుచూపు అందాం. ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుపెట్టుకోగలిగితే అది ఇదే కావాలి, కాబట్టి కాసేపు ఇక్కడే ఆగుదాం.

ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి కిలోమీటరు దూరం వెళ్లడానికి దాదాపు 5 మైక్రోసెకన్లు పడుతుంది. ఒక కిలోమీటరు తీగతో కలిపిన రెండు రౌటర్లలో మొదటిది ఏ క్షణంలో ప్యాకెట్ పంపినా రెండోది దాన్ని 5 మైక్రోసెకన్ల తర్వాతే చూస్తుంది. కాబట్టి మొదటి రౌటర్ గడియారం ఎక్కడున్నా, దానికి 5 మైక్రోసెకన్లు కలిపి అంతవరకూ హామీ ఇవ్వవచ్చు. ముందుచూపు అంతే. రెండింటికీ తర్వాతి అసలు పని ఒక సెకను దూరంలో ఉందనుకోండి. మొదటిది '5 దాకా ఏమీ రాదు' అంటుంది. దాన్ని నమ్మి రెండోది 5కు చేరి '10 దాకా ఏమీ రాదు' అంటుంది. మళ్లీ మొదటిది 15 అంటుంది. ఇలా ఒక సెకను దాటడానికి 2,00,000 ఖాళీ సందేశాలు అటూ ఇటూ తిరుగుతాయి, ఒక్క ఘటనా జరగదు. తీగ పొడవు 1,000 కిలోమీటర్లయితే ముందుచూపు 5 మిల్లీసెకన్లు, సందేశాలు 200 చాలు. ప్రోటోకాల్ మారలేదు, ప్రోగ్రాములో ఒక్క వరుసా మారలేదు. మారింది తీగ పొడవు. ముందుచూపు సున్నా అయితే గడియారాలు అంగుళమైనా కదలవు, ఖాళీ సందేశాలు మాత్రం ఆగకుండా చక్కర్లు కొడతాయి. అందుకే ఏ వలయంలోనైనా మొత్తం ముందుచూపు సున్నా కంటే ఎక్కువగా ఉండాలని ఈ పద్ధతి షరతు పెడుతుంది.

ముందుచూపు తీగల నుంచే రానక్కర్లేదు. వచ్చినవాటిని వచ్చిన వరుసలో పంపే క్యూలో, ఒక ప్యాకెట్‌ను పంపడం మొదలుపెట్టగానే అది ఎప్పుడు పూర్తవుతుందో తెలుసు కాబట్టి ఆ కబురు అప్పుడే బయటికి పంపేయవచ్చు. తర్వాతి ప్యాకెట్‌కు పట్టే సమయాన్ని నిర్ణయించే యాదృచ్ఛిక సంఖ్యను అది రాకముందే తీసిపెట్టుకుంటే ముందుచూపు ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు అదే క్యూలో, ముఖ్యమైన ప్యాకెట్ వస్తే నడుస్తున్న పనిని మధ్యలో ఆపవచ్చన్న చిన్న మార్పు చేయండి. 'ఇది ఫలానా క్షణానికి పూర్తవుతుంది' అని ముందే చెప్పే వీలు పోయింది, ముందుచూపు దాదాపు సున్నాకు పడిపోయింది. మోడల్ రాసినవారికి అదొక చిన్న సదుపాయం, దాన్ని నడిపేవారికి పిడుగు. ఈ పద్ధతి మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే: వేగం ఎక్కడ పోయిందో తెలియాలంటే మోడల్‌లో మూలన ఉన్న ఒక షరతును వెతికి పట్టుకోవాలి.

ఖాళీ సందేశాల బెడద పడలేక చాంది, మిశ్రా 1981లో మరో దారి చూపారు: ప్రతిష్టంభన రానివ్వండి, వచ్చిందని కనిపెట్టండి, విడిపించండి. మొత్తం వ్యవస్థలో అతి చిన్న కాలముద్ర ఉన్న ఘటన ఎప్పుడైనా సురక్షితమే కాబట్టి దానితో మళ్లీ కదలవచ్చు. అయితే ఎక్కువగా వాడకంలోకి వచ్చినది ఇంతకంటే సూటిగా ఉండే, కిటికీల పద్ధతి. ప్రతి భాగమూ తన తర్వాతి ఘటన కాలానికి తన ముందుచూపు కలిపి చెబుతుంది, అందరిలోకీ చిన్న సంఖ్యను తేలుస్తారు. ఆ క్షణం లోపున్న ఘటనలన్నిటినీ అన్ని భాగాలూ ఒకేసారి నడిపేస్తాయి. తర్వాత అందరూ ఒకచోట ఆగి మళ్లీ లెక్క వేస్తారు. వేల ప్రాసెసర్ల మధ్య కనిష్ఠ సంఖ్యను తేల్చడం సూపర్ కంప్యూటర్లకు బాగా అలవాటైన పని. నష్టమేమిటంటే ప్రతి విడతలోనూ అందరూ అతి నెమ్మది భాగం కోసం కాచుక్కూర్చోవాలి.

కంప్యూటర్లనే అనుకరించేవారు ఇదే ఆలోచనను స్థిరమైన విడతలతో వాడుకున్నారు. 1993లో వచ్చిన విస్కాన్సిన్ విండ్ టనెల్ అనే సిమ్యులేటర్‌లో, ఒక ప్రాసెసర్ నుంచి మరోదానికి సందేశం చేరడానికి పట్టే కనీస సమయాన్ని మించని విడతలు పెట్టారు. అంతలోపు ఒకదాని పని మరొకదాన్ని తాకలేదు కాబట్టి లెక్క తప్పదు. 2010లో ఎంఐటీ నుంచి వచ్చిన గ్రాఫైట్ అనే సిమ్యులేటర్ ఇంకో అడుగు వేసి, గడియారాలను వదులుగా వదిలేయడాన్ని ఒక అవకాశంగా ఇచ్చింది. అప్పుడు వేగం వస్తుంది, కచ్చితత్వం కొంత పోతుంది. ఎంత పోయిందో కొలుచుకుని తెలిసి ఎంచుకుంటే అభ్యంతరం లేదు. కొలవకుండా వాడితే మాత్రం పైన చెప్పిన బఫర్ కథే.

రెండో జవాబు పూర్తిగా వ్యతిరేక దిశలోది. భరోసా కోసం ఆగవద్దు, ఉన్నదాన్ని నడుపుతూ పోదాం, తప్పని తేలితే వెనక్కి వచ్చి దిద్దుకుందాం. డేవిడ్ జెఫర్సన్ ఈ ఆలోచనను హెన్రీ సోవిజ్రల్‌తో కలిసి 1980ల తొలినాళ్లలో రూపొందించి, 1985లో వర్చువల్ టైమ్ పత్రంలో విస్తారంగా ప్రచురించారు. యంత్రాంగం పేరు టైమ్ వార్ప్, పద్ధతిని ఆప్టిమిస్టిక్, అంటే ఆశావాద పద్ధతి అంటారు. ప్రతి భాగమూ ఎప్పటికప్పుడు తన పాత స్థితులను దాచుకుంటుంది. గతం నుంచి ఆలస్యపు సందేశం వస్తే, ఆ క్షణానికి ముందున్న స్థితిని తిరిగి తెచ్చుకుని అక్కడి నుంచి మళ్లీ నడుస్తుంది.

తన స్థితిని తాను వెనక్కి తిప్పుకోవడం తేలికే, మరి ఈలోగా ఇతరులకు పంపిన సందేశాల మాటేమిటి? ఇక్కడే జెఫర్సన్ ఆలోచన నన్ను ఎప్పుడూ అబ్బురపరుస్తుంది. పంపిన ప్రతి సందేశానికీ గుర్తు మాత్రం వ్యతిరేకంగా ఉన్న నకలు ఒకటి పంపినవారి దగ్గర ఉంటుంది. దాని పేరు ప్రతిసందేశం. వెనక్కి మళ్లినప్పుడు ఆ నకళ్లను అదే దారిలో వదిలిపెడతారు. అవతల అసలు సందేశం ఇంకా వరుసలోనే ఉంటే రెండూ కలిసి మాయమైపోతాయి. అసలు దాన్ని అప్పటికే నడిపేసి ఉంటే, ఆ భాగం కూడా వెనక్కి మళ్లి, తన ప్రతిసందేశాలను వదిలి, ఆ తర్వాత జంటను రద్దు చేస్తుంది. ప్రతిసందేశమే ముందు చేరితే అసలుది వచ్చేదాకా కాచుకుని, రాగానే దానితో పాటు పోతుంది. ఎవరూ ఎవరినీ ఆపనక్కర్లేదు, కేంద్రంలో పెత్తనం చేసేవారు అక్కర్లేదు. నెట్‌వర్క్‌లో సందేశాలు ఏ వరుసలో చేరినా పర్వాలేదు.

అయితే పాత స్థితులు ఎంతకాలం దాచాలి? తెర మీద చూపిన అంకెను, ముద్రించిన కాగితాన్ని వెనక్కి తీసుకోలేం కదా? అందుకని గ్లోబల్ వర్చువల్ టైమ్ అనే కొలత పెట్టారు. అన్ని భాగాల గడియారాల్లోనూ, ఇంకా దారిలో ఉన్న సందేశాల ముద్రల్లోనూ అతి చిన్నది అది. ఎవరు ఎంత వెనక్కి మళ్లినా ఆ క్షణానికి వెనక్కి మాత్రం పోరు. ఆ కొలత ఎప్పటికీ తగ్గదు కాబట్టి సిమ్యులేషన్ మొత్తంగా ముందుకే పోతుందన్న హామీ కూడా దొరికింది. దానికి ముందున్న స్థితులను పారేయవచ్చు. ఈ రంగంలో దాన్ని సరదాగా శిలాజాల ఏరివేత అంటారు. అప్పటిదాకా ఆపిపెట్టిన ఫలితాలను బయటికి ఇవ్వవచ్చు.

ఆ కొలతను లెక్కించడం చూసినంత తేలిక కాదు. క తన గడియారం 12 దగ్గర ఉన్నప్పుడు, 15 ముద్రతో ఒక సందేశం పంపింది. తర్వాత 20కి చేరి, అడిగితే '20' అని చెప్పింది. ఖ తన వంతుగా '30' అంది. కనిష్ఠం 20 అని తేల్చి అంతకు ముందువన్నీ పారేశాం. 15 ముద్ర సందేశం అప్పుడు తీరిగ్గా ఖ దగ్గరికి చేరింది. వెనక్కి మళ్లడానికి ఖ దగ్గర పాత స్థితి లేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, దారిలో ఉన్న సందేశాన్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు, అంతే. ఫ్రీడెమాన్ మాటెర్న్ 1993లో చూపిన పరిష్కారంలో సందేశాలకు రంగులు వేస్తారు. లెక్క మొదలవగానే ప్రతి భాగమూ తెలుపు నుంచి ఎరుపుకు మారుతుంది, ఆపై పంపే సందేశాలు ఎర్రవి. పంపిన తెల్ల సందేశాలన్నీ చేరాయని లెక్క సరిపోయాక, అప్పటి గడియారాలనూ ఎర్ర సందేశాల్లో అతి చిన్న ముద్రనూ పోల్చి కనిష్ఠాన్ని తీసుకుంటారు. ఎవరినీ ఆపకుండానే పని జరిగిపోతుంది.

ఈ పద్ధతికి అసలు బరువు కంప్యూటర్ మెమరీ. ప్రతి ఘటనకు ముందూ స్థితి మొత్తాన్ని నకలు తీయడం ఖరీదైన పని. అప్పుడప్పుడు మాత్రమే తీయడం, మారిన వాటినే దాచడం లాంటి ఉపాయాలు వచ్చాయి. 1999లో కరోథర్స్, పెరుమళ్ల, ఫుజిమోటో స్థితిని దాచడం కన్నా ఘటనను తిరగేసి నడపడమే మేలన్నారు. లెక్కను ఒకటి పెంచి ఉంటే ఇప్పుడు ఒకటి తగ్గించండి. రెండు దారుల్లో ఏదో ఒకటి పట్టే చోట, ఏది పట్టామో చెప్పే ఒక్క బిట్ దాచండి. యాదృచ్ఛిక సంఖ్యలనిచ్చే యంత్రాన్ని కూడా వెనక్కి తిప్పగలిగేదిగా ఎంచుకోండి. పాత విలువను చెరిపి కొత్తది రాసిన చోట మాత్రం పాతదాన్ని దాచక తప్పదు.

ఈ ఉపాయంతో నడిచే రాస్ అనే సాఫ్ట్‌వేర్ 2013లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలకు చెందిన సెకోయా, వల్కన్ సూపర్ కంప్యూటర్లను కలిపి, 19,66,080 కోర్ల మీద సెకనుకు 50,400 కోట్ల ఘటనలు నడిపింది. ఆ పత్రం రాసినవారిలో జెఫర్సన్ కూడా ఉన్నారు. గొప్ప ఘనతే. కానీ అక్కడ నడిచింది పీహోల్డ్ అనే కొలత పరీక్ష. అందులో ఒక ఘటన మరో ఘటనను ఎక్కడికో పంపుతుంది, అంతకుమించి పనేమీ ఉండదు. ప్రోటోకాల్ తట్టుకోగలదని ఆ అంకె చెబుతుంది. మీ మోడల్ కూడా అలా పరుగెడుతుందని చెప్పదు.

ఆశావాద పద్ధతిని మెచ్చుకునేవారు పెద్దగా ప్రస్తావించని ఇబ్బంది ఒకటుంది. వరుస తప్పి నడిచినప్పుడు ఆ భాగం, సరైన సిమ్యులేషన్‌లో ఎన్నడూ ఎదురుకాని స్థితిలోకి వెళ్లవచ్చు. రావడానికి ముందే వెళ్లిపోయిన ప్యాకెట్, రుణసంఖ్యలోకి పోయిన క్యూ పొడవు, సున్నాతో భాగహారం. ఎలాగూ వెనక్కి మళ్లుతాం కదా అనుకునేలోపే ప్రోగ్రాము కూలిపోతుంది. ఆ స్థితిలో అంతులేని లూప్‌లో ఇరుక్కుంటే మరీ ఘోరం. దాన్ని కాపాడాల్సిన ఆలస్యపు సందేశం వచ్చి తలుపు తడుతుంది, తీసేవారు ఉండరు. పైగా ఒక భాగం వెనక్కి మళ్లడం మరికొన్నిటిని వెనక్కి లాగి, అసలు పనికన్నా దిద్దుబాట్లే ఎక్కువయ్యే రోజులూ ఉంటాయి. అందుకే ఎంత ముందుకు దూకవచ్చో హద్దు పెట్టే కాలపు కిటికీలు ఇక్కడా వచ్చాయి. ముందుచూపుకు మొహం చాటేసి బయల్దేరిన పద్ధతి, దాని లాంటి హద్దునే మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చిందన్నమాట.

ఇంతవరకు ఒకే బృందం రాసిన మోడల్‌ను ముక్కలు చేయడం గురించి మాట్లాడాం. వేర్వేరు బృందాలు వేర్వేరు కాలాల్లో రాసిన సిమ్యులేటర్లను కలపాల్సి వస్తే? అమెరికా రక్షణ శాఖ ఈ ప్రశ్నను మొదట సైనికుల శిక్షణ కోసం, 1983లో మొదలైన సిమ్‌నెట్‌తో ఎదుర్కొంది. ఎదుట మనుషులు కూర్చుని ట్యాంకులు నడుపుతుంటే కాలాన్ని ఆపడం, వెనక్కి తిప్పడం కుదరదు. కాబట్టి అక్కడ వరుస గురించి పట్టించుకోకుండా, ఎదుటి వాహనం ఎక్కడ ఉంటుందో అంచనా వేసుకుంటూ పోయారు. విశ్లేషణకు నడిపే సిమ్యులేషన్‌కు అది సరిపోదు. రెండు రకాలనూ ఒకే గొడుగు కిందికి తెచ్చినది హై లెవెల్ ఆర్కిటెక్చర్, అంటే హెచ్‌ఎల్‌ఏ. అది 2000లో ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ వారి 1516 ప్రమాణంగా వెలువడింది. అందులో ప్రతి సిమ్యులేటర్ తన ముందుచూపు ఎంతో ముందే ప్రకటిస్తుంది. ముందుకు కదలాలంటే అనుమతి అడుగుతుంది, ఇక వెనకటి సందేశాలు రావని లెక్క తేలాక మధ్యలోని వ్యవస్థ అనుమతి ఇస్తుంది. ఆశావాద పద్ధతికీ దారి ఉంచారు గానీ, పాత సిమ్యులేటర్‌కు వెనక్కి మళ్లడం నేర్పడం అంటే దాన్ని దాదాపు తిరగరాయడమే.

ఒకే కాలముద్రతో రెండు ఘటనలు వస్తే ఏది ముందు? ఏ ప్రోటోకాల్‌లోనైనా ఈ ప్రశ్న తప్పదు. ఏది ముందు చేరితే అది అని వదిలేస్తే, అదే ప్రోగ్రాము ఈరోజు ఒక ఫలితం, రేపు మరొకటి ఇస్తుంది. పంపిన భాగం సంఖ్య, సందేశం క్రమసంఖ్య జోడించి తేల్చుకోవడం మామూలు పరిష్కారం. కాలాన్ని దశాంశ సంఖ్యగా కాక నానోసెకన్ల పూర్ణాంకంగా ఉంచుకుంటే సగం తలనొప్పి ముందే పోతుంది.

ఎవరైనా ఏ పద్ధతి ఎంచుకోమంటారని అడిగితే నేను ముందు ఒక భాగహారం చేయమంటాను. మీ ముందుచూపు అంత వ్యవధిలో ఒక్కో భాగంలో సగటున ఎన్ని ఘటనలు జరుగుతాయి? పదుల్లో, వందల్లో ఉంటే కిటికీల పద్ధతి చాలు, అంతకన్నా తెలివైనది వెతకడం వృథా శ్రమ. ఒకటి కన్నా బాగా తక్కువైతే జాగ్రత్త పద్ధతిలో ప్రాసెసర్లు ఎక్కువసేపు ఖాళీగా కూర్చుంటాయి. అప్పుడు టైమ్ వార్ప్ వైపు చూడవచ్చు, స్థితి చిన్నదైతే, ఘటనలను తిరగేసి నడపగలిగితే. రెండూ కాకపోతే మోడల్‌ను ఎక్కడ కోశామో మళ్లీ చూసుకోవాలి. నెట్‌వర్క్ పరిశోధకులు విస్తృతంగా వాడే ఎన్‌ఎస్-3 సిమ్యులేటర్‌లో ఈ కోత మీద కట్టుబాటే ఉంది. పంపిణీగా నడిపేటప్పుడు రెండు చివరలను నేరుగా కలిపే తీగల దగ్గర మాత్రమే మోడల్‌ను విడగొట్టవచ్చు, ఆ తీగ ఆలస్యమే ముందుచూపు అవుతుంది. వైఫై పరికరాల మధ్య కోయడం కుదరదు. 30 మీటర్ల దూరంలో ఉన్న రెండు పరికరాల మధ్య రేడియో తరంగం 100 నానోసెకన్లలో చేరిపోతుంది. అంత ఇరుకైన కిటికీలో చేయడానికి ఏ భాగానికీ పెద్దగా పనేమీ మిగలదు.